ఇస్మత్ నవ్వుకు ఎన్ని పళ్లు?

పద్నాలుగేళ్లుగా సౌదీలోని తాయిఫ్ ఆడవాళ్ల పళ్లన్నీ లెక్కపెట్టిన ఇస్మత్‌కు, తన పళ్ల లెక్క మాత్రం ఇంకొకరు చెప్పారు.

"పది," అంది రీమ్. బేరాల్లేవన్నట్టు రెండు చేతుల వేళ్లూ చాచి చూపించింది కూడా.

రీమ్ ఇస్మత్ పనిచేసే పళ్ల క్లినిక్‌కు కొత్త మేనేజరు, యజమాని మేనకోడలు. వచ్చిన నెలలోనే గోడల రంగు మార్చింది, సోఫాలు మార్చింది, ఇప్పుడు మనుషుల మీద పడింది. ఆడవాళ్ల విభాగంలో కొత్తగా ఒక కుర్చీ వేస్తున్నారు. నవ్వు బాగుచేయించుకుందామని వచ్చే ఆడవాళ్లను ఆ కుర్చీలోని మనిషి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఎన్ని వెనీర్లు కావాలో, అంటే ఎన్ని పళ్ల మీద ఆ పల్చటి పింగాణీ రేకులు అంటించాలో విడమరిచి చెప్పాలి. కోఆర్డినేటర్ అని దానికో పేరు. ఇస్మత్ పద్నాలుగేళ్లుగా చేస్తున్నది అదే పని. కాకపోతే డాక్టరు పక్కన నిలబడి, మాస్కు వెనక నుంచి, పేరూ కుర్చీ లేకుండా చేస్తోంది. కుర్చీ వస్తోందంటే అది తనదేనని ఆమె అనుకోవడంలో దురాశేమీ లేదు.

రీమ్ కూడా కాదనలేదు. కుర్చీ నీదే, కానీ అక్కడ మాస్కు కుదరదు, ఆ పళ్లతో నువ్వు ఎదురుగా కూర్చుంటే వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు అని అరబీలో, చాలా మర్యాదగా చెప్పింది. పై వరస పళ్లు పదింటికీ క్లినిక్కే వెనీర్లు వేయిస్తుందట. వేయకముందు ఒక ఫొటో, వేశాక ఒక ఫొటో తీస్తారట. ఆ రెండూ కలిపి అల్ హదా రోడ్డు మీద పెద్ద బోర్డు పెడతారట. మొహం ఉండదు, భయపడకు, నోరొక్కటే ఉంటుంది అంది. బుధవారం లోపు చెప్పమంది.

ఇస్మత్ పళ్లు గట్టివి. నలభై రెండేళ్లకు ఒక్కటీ పుచ్చలేదు. కానీ ఒక్కో పంటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు, వాటి మధ్య సున్నపు మచ్చలు. కదిరి పక్కన వాళ్ల పల్లెలో బోరు నీళ్లు తాగి పెరిగిన ప్రతి నోటిలోనూ అవే చారలుంటాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఆఫీసర్లు వచ్చి చెప్పారు, సీసాల్లో పట్టుకుపోయారు, మళ్లీ ఆ దారి తొక్కలేదు. ఊరందరి పళ్లూ అలాగే ఉంటే అదొక లోపమని పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఇస్మత్‌కు తెలియజేసింది తల్లి బీబీజాన్. ఆమె మంచినీళ్ల ఊరి నుంచి వచ్చిన కోడలు. కూతురికి పాలపళ్లు ఊడి కొత్తవి మొలిచిన నాటి నుంచి ఆమెకు అదే దిగులు.

"పండ్లు కనపడేతట్ల నగొద్దే. నవ్వు నాలుగు విధాల చేటు," అనేది. కూతురు మరిచిపోయి నవ్వితే నోటి మీద ఒక్కటి వేసేది, మెత్తగానే. ఆ దెబ్బ తప్పించుకోవడానికి ఇస్మత్ చేయి తనంతట తానే నోటికి అడ్డం వెళ్లేది. బీబీజాన్ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ చేయి మాత్రం ఇంకా వెళుతూనే ఉంది.

ఒక్కసారి మాత్రం వెళ్లలేదు. తొంభైలో పెళ్లయి రియాద్ వచ్చింది ఇస్మత్. మొగుడు ఫక్రుద్దీన్ ఒక ఆసుపత్రిలో ఏసీలు చూసేవాడు. కాపురం కుదురుకునే లోపే కువైట్ గొడవ మొదలైంది, జనవరిలో క్షిపణులు పడసాగాయి. ఆసుపత్రివాళ్లు స్టాఫ్ కుటుంబాలకు గ్యాస్ మాస్కులు పంచారు. క్వార్టర్స్‌లో ఆడవాళ్లందరూ అది పెట్టుకోగానే ఊపిరాడటం లేదని ఏడ్చారు. ఫక్రుద్దీన్ అది తగిలించుకుని, ఏనుగు గున్నలా తొండం ఊపుకుంటూ తలుపులూ కిటికీలూ టేపుతో అతికిస్తూ ఉంటే, ఇస్మత్ తన మాస్కు లోపల విరగబడి నవ్వింది. నోరంతా తెరిచి, పళ్లన్నీ పెట్టి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. ఎవరికీ కనబడలేదు. ఊరంతా చావు భయంతో ఉంటే తనకు మాత్రం హాయిగా ఉండటం చూసి ఆమెకే సిగ్గేసింది. ఆ తరవాత యుద్ధం ఆగింది, తాయిఫ్ వచ్చారు, క్లినిక్‌లో తుడిచే పనికి చేరి అసిస్టెంటు పని నేర్చుకుంది. బయట ముసుగు, లోపల మాస్కు. ఇరవై ఒక్క ఏళ్లు ఆమె నవ్వు అలా గుడ్డచాటునే గడిచిపోయింది.

ఇప్పుడు ఆ గుడ్డ తీయమంటున్నారు.

ఆమె ఈ సంగతి చెప్పింది డాక్టర్ అబ్దుల్ ఖాదర్‌తోనే. నంద్యాల మనిషి, అరవై దాటినవాడు. వెనక ల్యాబులో పళ్లు చేసే దావూద్ పాకిస్తానీ, ఉర్దూలో గుసగుసలాడినా పట్టేస్తాడు. అందుకని గుట్టు మాటలకు వాళ్లిద్దరికీ తెలుగే దిక్కు.

"పదా?" అన్నాడు డాక్టరు. "ఆయమ్మకు ఉండేది పది వేళ్లు గాబట్టి పది అనింది. ఇరవై ఉంటే ఇరవై అనును. మధ్యాహ్నం నమాజు విరామంలో కూర్చో, లెక్క చూద్దాం."

డాక్టరు లెక్కకు ఒక పద్ధతుంది. పెదాలకు క్లిప్పులు తగిలించి, నోరు సాగదీసి చూస్తే ఏ మనిషికైనా పది కావాలనే అనిపిస్తుంది. ఆయన అలా చేయడు. మనిషిని నవ్విస్తాడు. కడుపారా నవ్వినప్పుడు ఎన్ని పళ్లు బయటపడతాయో అన్నింటినే లెక్కలోకి తీసుకుంటాడు. ఆడపేషెంట్లను నవ్వించే పని ఇస్మత్‌దే. ఆమె మాటలకు నవ్వని తాయిఫ్ ఆడది లేదు.

విరామంలో క్లినిక్ తలుపు మూశారు. ఇస్మత్ మొదటిసారి పేషెంటు కుర్చీలో వెనక్కి వాలి, మాస్కు తీసింది. డాక్టరు ఆమె ఒక చేతికి పెద్ద అద్దం, ఇంకో చేతికి షేడ్ గైడు ఇచ్చాడు. షేడ్ గైడంటే రంగులు పోల్చుకోవడానికి వరసగా గుచ్చిన పదహారు నమూనా పళ్లు. వెయ్యి మంది పళ్ల పక్కన దాన్ని పెట్టి పోల్చింది ఇస్మత్. ఆ పదహారింటిలో తన ఊరి రంగు లేదని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

"నగమ్మా," అన్నాడు డాక్టరు కెమెరా పట్టుకుని.

ఇస్మత్ పెదాలు కాస్త సాగాయి.

"నాలుగు," అన్నాడు. "ఇంకొంచెం."

మళ్లీ సాగాయి.

"నాలుగే. అవీ సగం సగం."

"అయితే నాలుగు చాలు గదా సార్?"

"నాలుగు వేసి పంపిస్తా. ఎప్పుడో ఒకరోజు నిజంగా నగుతావు. నడుమ నాలుగు తెల్లగ, అటూ ఇటూ చారలు. అప్పుడు నన్ను తిట్టుకుంటావు. దాచిపెట్టిందాన్ని నేనెట్ల లెక్కపెట్టేది చెప్పు?"

తెప్పించుకుంటే వచ్చేదా నవ్వు? ఇస్మత్ మింగలేక కక్కలేక అలా పడుకుని ఉండగానే, తలుపు దబదబా మోగింది.

వచ్చినవాడు సదానందం. సిరిసిల్ల దిక్కు మేస్త్రి, కొత్తగా కడుతున్న స్కూలు దగ్గర పని. దవడ బూరెలా వాచిపోయి ఉంది. కంపెనీ బండి దించి పోయింది, మళ్లీ పనికి ఎక్కించుకునే లోపు పన్ను పీకించుకోవాలి, విరామమైనా సరే దండం పెడతా అన్నాడు. డాక్టరు అతన్ని కర్టెన్ అవతలి కుర్చీలో పడుకోబెట్టి, మత్తు సూది వేసి, దవడ మొద్దుబారేదాకా కదలొద్దని చెప్పి ఇవతలికి వచ్చాడు.

"పదైనా నాలుగైనా నీకు తెలుసు గదా ఇస్మత్," అన్నాడు. "ముందు పంటి మీద పొర అరగదీయాల. తీసింది మళ్లా రాదు. దాని మీద రేకు అంటించాల. పదేళ్లకో పదిహేనేళ్లకో అది ఊడుతుంది. మళ్లా వేయాల. నువ్వు అవునంటే చేస్తా. నీ పండ్లు, నీ ఇష్టం."

కర్టెన్ అవతల నుంచి ముద్దముద్దగా ఒక గొంతు వచ్చింది. "సారూ, తెలుగోళ్లేనా? నాకు దెల్వకడుగుత. మంచిగున్న గోడను చెక్కి, దాని మీద టైల్స్ అంటివెడ్తరు. గంతేనా?"

డాక్టరు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అంతే అనుకో."

"గోడకు నెమ్మొచ్చిందా?"

"లేదు."

"పగులు వారిందా?"

"ఒక్క దానికి మూలన పెచ్చు ఊడింది." నిజమే. మూడేళ్ల కిందట ఖర్జూరం గింజ కొరికి ఇస్మత్ ముందు పన్ను ఒకదాని అంచు విరగ్గొట్టుకుంది. ఏం అతికించినా ఆరు నెలలకు ఊడిపోతోంది.

"మరి పెచ్చు వొయిన కాడ సిమెంటు మాల్ వెట్టి మెత్తాలె గని, ఇల్లంత చెక్కుతరా సారూ? మా ఫోర్‌మన్ ఉన్నడు, పక్కా దొంగ. గని గింత మోసం వాడు సుత జెయ్యడు!"

కర్టెన్ సర్రున పక్కకు జరిగింది. సదానందం లేచి కూర్చున్నాడు. మొద్దుబారిన పెదవి ఒక పక్కకు వేలాడుతోంది, దాని చివర నుంచి చొంగ కారుతోంది, ఆ సంగతి అతనికి తెలియదు. చూపుడు వేలితో పై పెదవి ఎత్తి పట్టుకుని చూపించాడు. అవే చారలు. అదే గోధుమరంగు.

"గిటు సూడక్కా, నా గోడ. బోరు నీళ్లతోని కట్టిండు దేవుడు. సున్నం లేదు, రంగు లేదు. నలభై ఏండ్లయింది, ఒక్క రాయి కదల్లే!" అని, తను ఎందుకొచ్చాడో అప్పుడు గుర్తొచ్చి, వాచిన దవడ మీద చేయి వేసుకుని, "గిదొక్కటి దప్ప," అన్నాడు.

అంతే. ఇస్మత్‌కు ఎక్కడో పొత్తికడుపు నుంచి నవ్వు తన్నుకొచ్చింది. చేయి లేవబోయింది, దానిలో బరువైన అద్దం ఉంది. రెండో చేయి లేవబోయింది, దానిలో పదహారు పళ్లున్నాయి. అడ్డం పెట్టుకోవడానికి చేయి లేక, నవ్వు ఉన్నదున్నట్టు బయటపడింది. ఆమె నవ్వు చూసి సదానందం ఒంటి పెదవితో నవ్వాడు. అది చూసి ఆమె ఇంకా నవ్వింది. కెమెరా టిక్కుటిక్కుమంది.

"పన్నెండు," అన్నాడు డాక్టరు మెల్లగా.

సదానందం పన్ను పీకడం, అతను దూది కొరికిపట్టి కూర్చోవడం అయ్యాక, డాక్టరు కంప్యూటరు తెర మీద ఆ ఫొటో పెట్టాడు. ఇస్మత్ చూసింది. తను నవ్వితే ఎలా ఉంటుందో నలభై రెండేళ్లకు మొదటిసారి చూసింది. బుగ్గ మీద ఒక సొట్ట ఉంది. అదక్కడ ఉన్నట్టు ఆమెకే తెలియదు. కళ్లు రెండు గీతలైపోయాయి. పన్నెండు పళ్లూ వాటి చారలతో సహా వరసగా నిలబడి ఉన్నాయి. అవి తన అన్నవీ చెల్లివీ, నాయనవీ, తనతో బడికి వచ్చిన పిల్లలందరివీ. ఆమెకు కోపం వచ్చింది. అమ్మ మీద కాదు, రీమ్ మీద కూడా కాదు. ఇంత నవ్వును ఇన్నేళ్లు ఆకలికి మాడ్చిన తన చేయి మీద వచ్చింది.

"చెప్పమ్మా," అన్నాడు డాక్టరు. "నీ నగవుకు పన్నెండు కావాల. నా పద్ధతి ప్రకారం."

"మీ పద్ధతి ప్రకారమే చెప్తాండా సార్. మనిషి సిగ్గు లేకుండా నగినప్పుడు గదా లెక్కపెట్టేది? నేను నగినా. సిగ్గు కాలేదు. ఇంక అరగదీసేది దేనికి?" ఇస్మత్ ముందు పంటి మీద వేలు పెట్టి చూపించింది. "ఒకటి వేయండి. పెచ్చు ఊడిందానికి."

"ఒకటా? ఏం రంగు?"

ఆమె చేతిలోని షేడ్ గైడు బల్ల మీద పెట్టేసింది. "దీంట్లో లేదు సార్. పక్క పంటి రంగు. చారలతో సహా."

డాక్టరు ఆ షేడ్ గైడును పక్కకు జరిపాడు. "పది చేసేది సులువమ్మా. అన్నీ తెల్లగ పోతపోస్తే అయిపోతుంది. ఒక్కటి చేసి పక్కదాంట్లో కలిపేదే కష్టం. అదీ మరకలది. దావూద్ నన్ను తిడతాడు."

"తిట్టనీండి."

"మరి కుర్చీ?"

ఆ కుర్చీ మీద ఆమెకు చాలా ఆశ ఉండింది, అది లేదంటే అబద్ధం. పద్నాలుగేళ్లు నిలబడిన కాళ్లకు కుర్చీ విలువ తెలుసు.

దూది కొరికిపట్టిన నోటితోనే సదానందం అందుకున్నాడు. "ఖల్లివల్లి అను అక్కా!"

గల్ఫ్‌లో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదటి నెలలోనే నేర్చుకునే మాట అది. పోతే పోనీ, మనకేం అని. ఇస్మత్ నోట ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు.

"ఖల్లివల్లి," అంది.

మంగళవారమే రీమ్ గదికి వెళ్లి చెప్పింది, ఒకటి అని. రీమ్ మొదట తమాషా అనుకుంది. మరకల పింగాణీ అని విన్నాక తమాషా కాదని అర్థమైంది. నీ మేలు కోరి చెప్పాను, అంది. ఇస్మత్ ఆ ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"నోరొక్కటే కావాలన్నావు. నేను మొహంతో సహా తెచ్చాను. బోర్డు పెడితే ఇది పెట్టు," అంది అరబీలో. "పద్నాలుగేళ్లు ఈ ఊరి ఆడవాళ్లకు ఎన్ని పళ్లో నేనే చెప్పాను. ఒక్కరూ వెనక్కి వచ్చి లెక్క తప్పిందని అనలేదు. ఆ కుర్చీ లెక్క తెలిసినవాళ్లకు వేశావా, తెల్లగా ఉన్నవాళ్లకు వేశావా?"

రీమ్ ఫొటోను చేతిలోకి తీసుకుని చూసింది. మాట మాత్రం మార్చుకోలేదు. వారం తిరిగేసరికి ఆ కుర్చీలో నాజ్నీన్ కూర్చుంది. హైదరాబాద్ పిల్ల, ఇరవై నాలుగేళ్లు, మల్లెమొగ్గల్లాంటి పళ్లు. మంచి పిల్లే. ఇస్మత్ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు బట్టలు మార్చుకునే గదిలో గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మాస్కును గడ్డం కిందికి లాక్కుని బయటికి వచ్చింది. ఎదుటివాళ్ల నోట్లో పని ఉన్నప్పుడు తప్ప ఆడవాళ్ల విభాగంలో అది ఇక పైకి వెళ్లలేదు.

ల్యాబులో దావూద్ నిజంగానే తిట్టాడు. "జనమంతా తెల్లగా చేయమని నా ప్రాణం తీస్తారు. మరక చేయమని అడిగినదానివి నువ్వొక్కదానివే," అన్నాడు ఉర్దూలో. మొదటి రేకు మరీ పాలిపోయింది. రెండోది టీ ఒలికినట్టుంది. రెండూ పగలగొట్టేశాడు. తరవాత ఇస్మత్‌ను కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి, సన్నటి కుంచెతో చార మీద చార దిద్దాడు. సున్నపు మచ్చ ఎక్కడ మొదలవుతుందో, గోధుమరంగు ఎక్కడ పలచబడుతుందో చూస్తూ ఒక పూటంతా కూర్చున్నాడు. మూడోది అతికించాక వెనక్కి జరిగి చూసి, తను చేసింది ఏదో తనే ఒక్క క్షణం పోల్చుకోలేక, గడ్డం గోక్కున్నాడు. మా నాన్నకు కూడా గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇది, అన్నాడు.

ఆ తరవాత ఒక వింత మొదలైంది. ముందు గదిలో నాజ్నీన్, రీమ్ చెప్పమన్నట్టే, పది అని చెప్పేది. ఆడవాళ్లు తలూపి, లోపలికి వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, ముసుగు ఎత్తి, గొంతు తగ్గించి అడిగేవాళ్లు. "ఆ పిల్ల పది అంది. నువ్వు చెప్పు, ఎన్ని?" ఇస్మత్ వాళ్లను నవ్వించేది. నాలుగైతే నాలుగు, ఎనిమిదైతే ఎనిమిది చెప్పేది. అసలు అక్కర్లేకపోతే, అక్కర్లేదు లేచి వెళ్లమనేది. నువ్వు వచ్చే పనిని చెడగొడుతున్నావని రీమ్ ఒకసారి పిలిచి కేకలేసింది. అయితే తనను పనిలోంచి తీసేయమంది ఇస్మత్. తీసేయడం రీమ్ వల్ల కాలేదు. ఫోను చేసేవాళ్లు డాక్టరు పేరు కాకుండా ఇస్మత్ పేరు చెప్పి టైం అడుగుతున్నారు.

గులాబీల కోతలప్పుడు ఒక పెళ్లికూతురు వచ్చింది. కొండ మీద తోటలవాళ్ల పిల్ల. నాజ్నీన్ చెప్పిన పదీ విని వచ్చి, ముసుగు తీసి, ఇస్మత్ నోటికేసి కళ్లప్పగించి చూసింది. అందరూ అడగాలనుకుని అడగని మాట ఆ పిల్ల అడిగేసింది.

"ఇక్కడే పనిచేస్తావు కదా. నువ్వు ఎన్ని వేయించుకున్నావు?"

"ఒకటి," అంది ఇస్మత్.

పిల్ల నమ్మలేదు. "ఏది?"

ఇస్మత్ స్టూలు ముందుకు జరుపుకుంది. పెద్ద లైటు తన మొహం మీదికి తిప్పుకుని నవ్వింది, పన్నెండూ కనబడేలా. పిల్ల లేచి కూర్చుని, వేలు చూపిస్తూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది, కుడి నుంచి ఎడమకు, మళ్లీ ఎడమ నుంచి కుడికి. చూసిన కొద్దీ పంతం పెరిగి ముక్కు ముందుకు పెట్టి వెతికింది.

"దొరకడం లేదు. నువ్వే చెప్పు."

"వెతుకు," అంది ఇస్మత్, నవ్వుతూనే. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.